నలుగురు చూస్తారని

సైకిల్ తొక్కేవాళ్లు హెల్మెట్ పెట్టుకోవాలా, అక్కర్లేదా అని మా పెనుబల్లిలో ఎవరినడిగినా ముందు నవ్వు వస్తుంది, జవాబు ఆ తర్వాత వస్తుంది. "మోటర్‌సైకిల్ మీదే దిక్కు లేదు, ఇక సైకిల్ మీదా సార్?" అంటారు. వీఎం బంజర సెంటర్‌లో టీ కొట్టు దగ్గర అడిగినా అదే మాట, మామిడి తోటల్లో కాపలా ఉండేవాళ్లను అడిగినా అదే మాట. ఇరవై రెండేళ్లు ఇక్కడి పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పిన నేను కూడా చాలాకాలం వాళ్లతో కలిసి నవ్వాను. ఇప్పుడు నవ్వలేను. ఆ నవ్వు ఎక్కడి నుంచి వస్తుందో, దాన్ని దాటడం ఎలాగో చెప్పడానికే ఈ అధ్యాయం.

మా బడికి చుట్టుపక్కల ఊళ్ల నుంచి, తండాల నుంచి పిల్లలు సైకిళ్ల మీద వస్తారు. పదో తరగతికి సాయంత్రం స్పెషల్ క్లాసులుంటాయి. చలికాలంలో ఐదున్నర దాటితే వెలుగు పలచబడుతుంది. అలాంటి ఒక సాయంత్రం పదో తరగతి పిల్లవాడొకడు కాలువ వంతెన దిగుతున్నాడు. వరికోతల రోజులు. రోడ్డు మీద వడ్లు ఆరబోసుకున్నవాళ్లు బస్తాలకెత్తుకుని వెళ్లిపోయారు. గింజల మీదికి బండ్లు ఎక్కకుండా చుట్టూ పేర్చిన రాళ్లు మాత్రం అక్కడే ఉండిపోయాయి. ముందు చక్రం ఒక రాయెక్కింది. లారీ లేదు, కారు లేదు, ఎవరూ గుద్దలేదు. పిల్లవాడు పక్కకు ఒరిగి పడ్డాడు, తల రోడ్డు అంచుకు కొట్టుకుంది. లేచాడు, బట్టలు దులుపుకున్నాడు, ఊడిన చైను తనే ఎక్కించుకుని ఇంటికి పోయాడు.

వాళ్లమ్మ తల తడిమి చూసింది. రక్తం లేదు, బొప్పి కట్టింది. కొబ్బరినూనె రాసి, అన్నం పెట్టి పడుకోబెట్టింది. రాత్రి పదింటికి వాంతి చేసుకున్నాడు. తిన్నది పడలేదేమో అనుకున్నారు. రెండోసారి వాంతయ్యాక లేపబోతే కళ్లు తెరవకుండా ఏదో గొణిగాడు. అప్పుడు ఖమ్మం తీసుకెళ్లారు. పుర్రెకూ మెదడుకూ మధ్య రక్తం చేరిందన్నారు, తెల్లారేలోపు ఆపరేషన్ చేశారు. బతికాడు. మళ్లీ బడికి రావడానికి నాలుగు నెలలు పట్టింది. వచ్చాక కూడా బోర్డు మీద లెక్క రెండు నిమిషాలు చూస్తే తలనొప్పి వస్తోందని ఏడ్చేవాడు.

"రక్తం రాలేదు గద సార్, మాకెట్ల తెలుస్తది?" అని ఆ తల్లి నన్నడిగింది. నా దగ్గర జవాబు ఉంది. అన్నేళ్లలో ఒక్కరోజు కూడా దాన్ని ఎవరికీ చెప్పలేదు. కాబట్టి హెల్మెట్ సంగతి కంటే ముందు ఆ జవాబే రాస్తున్నాను, దయచేసి ఇంట్లో అందరికీ వినిపించండి. తలకు దెబ్బ తగిలిందంటే రక్తం వచ్చిందా లేదా అన్నదొక్కటే చూసుకుని ఊరుకోవద్దు. మళ్లీ మళ్లీ వాంతులు, పెరుగుతున్న తలనొప్పి, మగతగా ఉండటం, అడిగినదానికి పొంతన లేని జవాబు, ఒక కంటిపాప పెద్దదిగా, ఒకటి చిన్నదిగా కనబడటం, ముక్కులోంచో చెవిలోంచో పలచని నీళ్లు కారడం, ఫిట్స్. వీటిలో ఏ ఒక్కటి కనబడినా తెల్లారేదాకా ఆగకూడదు. 108కి ఫోన్ చెయ్యాలి. స్పృహ లేనివాళ్ల నోట్లో నీళ్లు పొయ్యకూడదు. మెడ వంచి, చంకల కింద చేతులేసి లేపి కూర్చోబెట్టకూడదు. దెబ్బ తగిలిన వెంటనే పిల్లవాడు మామూలుగా నడిచాడు, మాట్లాడాడు అన్నది ధైర్యం చెప్పుకోవడానికి చాలదు. లోపల రక్తం నెమ్మదిగా చేరుతుంటే మొదటి కొన్ని గంటలు మనిషి బాగానే కనబడతాడు.

ఇక వాదన. సైకిల్‌కు హెల్మెట్ ఎందుకనేవాళ్లు మొదట చెప్పే మాట, "సత్తుపల్లి రోడ్డు మీద టిప్పర్ గుద్దితే హెల్మెట్ కాపాడుతుందా?" అని. కాపాడదు. ఆ మాట నిజం, ఒప్పుకోవాలి. సైకిల్ హెల్మెట్ టిప్పర్ కోసం తయారైంది కాదు. కానీ మా పిల్లవాడిని టిప్పర్ గుద్దలేదు. సైకిల్ మీద పడినవాళ్లను మీ ఊళ్లో పదిమందిని అడిగి చూడండి. కుక్క అడ్డొచ్చింది, ఇసుకలో జారింది, చీర చక్రంలో పడింది, బ్రేకు గట్టిగా నొక్కితే ముందుకు పల్టీ కొట్టింది అనే చెబుతారు. సైకిల్ మీదున్న మనిషి తల నేలకు సుమారు మీటరున్నర ఎత్తులో ఉంటుంది. అంత ఎత్తు నుంచి పడిన తల నేలను తాకే వేళకు గంటకు 19.5 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. సైకిల్ హెల్మెట్లకు యూరప్‌లో ఈఎన్ 1078 అనే ప్రమాణం ఉంది. ఆ పరీక్షలో హెల్మెట్ తొడిగిన నమూనా తలను చదునైన ఇనుప దిమ్మె మీద పడేసే వేగమూ దాదాపు అంతే. అంటే ఆ వస్తువును మామూలుగా కిందపడటాన్ని దృష్టిలో పెట్టుకునే చేశారు.

లోపల జరిగేది మామిడికాయ కోసేవాళ్లకు బాగా తెలిసిన సంగతే. చిక్కం లేకుండా కొమ్మ దులిపితే రాతి మీద పడిన కాయ పగులుతుంది, ఎండుగడ్డి కుప్ప మీద పడిన కాయకు ఏమీ కాదు. ఎత్తు ఒకటే, కాయ ఒకటే. గడ్డి మీద పడిన కాయ ఆగడానికి కాస్త దూరం దొరికింది, అంతే తేడా. హెల్మెట్‌లో థర్మాకోల్ లాంటి గట్టి నురుగు రెండు సెంటీమీటర్ల మేర నలిగి తలకు ఆ దూరాన్ని ఇస్తుంది. ఉత్త తల రెండు మిల్లీమీటర్లలో ఆగాల్సిన చోట ఇరవై మిల్లీమీటర్లలో ఆగితే తల మీద పడే బలం పదో వంతుకు తగ్గుతుంది. ఈ లెక్క తొమ్మిదో తరగతి పాఠంతోనే వెయ్యొచ్చు. నా క్లాసులో ఎన్నోసార్లు బండి ఆగే దూరం మీద ఈ లెక్క వేయించాను, తల మీద ఒక్కసారీ వేయించలేదు.

హెల్మెట్‌ను చట్టంతో తప్పనిసరి చెయ్యొద్దనేవాళ్ల మాటలు ఇంతకంటే బరువైనవి. వాటిని తేలిగ్గా తీసెయ్యడం మంచిది కాదు. ఆస్ట్రేలియాలో విక్టోరియా రాష్ట్రం 1990 జూలై 1 నుంచి సైకిల్ తొక్కే ప్రతివారికీ హెల్మెట్ తప్పనిసరి చేసింది. ప్రపంచంలో అలాంటి చట్టాల్లో అదే మొదటిది. ఏడాదిలో హెల్మెట్ పెట్టుకునేవాళ్లు నూటికి 31 మంది నుంచి 75 మందికి పెరిగారు. కానీ రోడ్ల మీద సైకిల్ తొక్కే పిల్లలు, ముఖ్యంగా హైస్కూల్ వయసువాళ్లు, బాగా తగ్గిపోయారు. హెల్మెట్ ఇష్టం లేక సైకిలే మానేశారు. సైకిల్ తొక్కితే వచ్చే ఆరోగ్యం కూడా వాళ్లతో పాటే పోయింది కదా అని అక్కడ ముప్ఫై ఏళ్లకు పైగా వాదన నడుస్తూనే ఉంది. మెక్సికో నగరం 2010లో అలాంటి నిబంధనను ఎత్తేసింది. నెదర్లాండ్స్‌లో సైకిల్ లేని ఇల్లు ఉండదు, హెల్మెట్ పెట్టుకున్న మనిషి అరుదు, అయినా అక్కడ సైకిల్ ప్రయాణం భద్రమైనదే. వాళ్లు సైకిళ్లకు వేరే దారులు వేశారు, ఊళ్లలో కార్ల వేగం తగ్గించారు. ఇంగ్లండ్‌లో ఇయాన్ వాకర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన సైకిల్‌కే కొలత పరికరం కట్టుకుని తొక్కి, 2007లో ఆ లెక్కలు ప్రచురించాడు. హెల్మెట్ పెట్టుకున్నప్పుడు వాహనాలు సగటున 8.5 సెంటీమీటర్లు దగ్గరగా దాటుకుని పోయాయన్నాడు. అవే లెక్కలను మళ్లీ పరిశీలించిన ఆస్ట్రేలియా పరిశోధకులు ఆ తేడాకు పెద్ద ప్రాధాన్యం లేదన్నారు.

అయితే కిందపడి దెబ్బ తగిలాక ఏమవుతుందన్న దాని మీద అంత గొడవ లేదు. జేక్ ఒలివియర్, ప్రూడెన్స్ క్రెయిటన్ 2016లో 40 అధ్యయనాలను, 64,000 మందికి పైగా గాయపడిన సైకిల్‌దారుల వివరాలను కలిపి చూశారు. హెల్మెట్ ఉన్నవాళ్లలో తీవ్రమైన తలదెబ్బల అవకాశం 69 శాతం తక్కువని తేలింది. ఈ రెండు వైపులా చదివాక నాకు కలిగిన అభిప్రాయం ఇది: వాళ్లిద్దరూ ఒకే ప్రశ్నకు జవాబు చెప్పడం లేదు. ప్రభుత్వం జరిమానా వెయ్యాలా అన్నది ఒక ప్రశ్న. నా పిల్ల రేపు పొద్దున ఏం పెట్టుకుని గడప దాటాలి అన్నది ఇంకో ప్రశ్న.

మొదటిదానికి నా జవాబు వద్దనే. మన మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ మోటర్‌సైకిళ్లకే వర్తిస్తుంది, సైకిల్ మోటారు వాహనం కాదు. అది అలాగే ఉండనివ్వండి. పత్తి ఏరడానికి, మిరపకాయలు కోయడానికి సైకిల్ మీద పోయే కూలీ దగ్గర జరిమానా వసూలు చేస్తే ఆయన హెల్మెట్ కొనడు, సైకిల్ మూలన పెట్టి కిక్కిరిసిన ట్రాలీ ఎక్కుతాడు. అది సైకిల్ కంటే ప్రమాదం. రెండో ప్రశ్నకు నా జవాబు అవును, హెల్మెట్ పెట్టుకునే దాటాలి. "మరి రోడ్లు బాగుచెయ్యరా?" అంటే తప్పకుండా అడగాలి, గట్టిగా అడగాలి. వడ్లు ఎత్తుకున్నాక రాళ్లు తీసెయ్యమని మన రైతులకు మనమే చెప్పుకోవాలి. కానీ రోడ్డు బాగుపడేదాకా పిల్లవాడి తల ఆగదు.

ఇక్కడిదాకా చదివినవాళ్లలో చాలామంది తల ఊపుతారు, నాకు తెలుసు. కొనరు, అదీ తెలుసు. డబ్బు అంటారు, ఎండ అంటారు. డబ్బు కొన్ని ఇళ్లలో నిజమైన కష్టమే. ఎండ కూడా నిజమే, ఖమ్మం, కొత్తగూడెం ఎండలు 44, 45 డిగ్రీలు దాటిన రోజులు మనం చూశాం. కానీ సైకిల్ హెల్మెట్ అంటే మోటర్‌సైకిల్ వాళ్ల బరువైన బుర్ర కాదు. 250, 300 గ్రాములుంటుంది, గాలి ఆడే సందులుంటాయి. ఎండాకాలం తలకు గుడ్డ చుట్టుకోని సైకిల్‌దారు మన దగ్గర ఎక్కడున్నాడు? అసలు కారణం అవేవీ కావు. నలుగురు చూస్తారని. నలుగురు నవ్వుతారని.

ఈ సిగ్గును తక్కువగా చూడకండి. ఊరిలో బతికే మనిషికి నలుగురి చూపే సగం బతుకు. అయితే అదే చూపు చోటు మారితే ఎలా మారుతుందో గమనించండి. కొత్తగూడెంలో బొగ్గు బాయి దిగే కార్మికుడు నెత్తిన టోపీ లేకుండా లోపలికి పోడు, పోనియ్యరు. సత్తుపల్లి ఓపెన్‌కాస్టుకు డ్యూటీకి పోయే కుర్రాడు మోటర్‌సైకిల్ ట్యాంకు మీద ఆ టోపీ పెట్టుకుని గర్వంగా పోతాడు. అది ఉద్యోగానికి గుర్తు. అక్కడ నవ్వేవాడు లేడు, టోపీ మర్చిపోయినవాడికే సిగ్గు. గీత కార్మికులకు కాటమయ్య రక్షణ కవచం పేరుతో తాడు, బెల్టు ఉన్న కిట్లు ఇవ్వడం 2024 జూలైలో రంగారెడ్డి జిల్లా లష్కర్‌గూడలో మొదలైంది. తరాలుగా ముత్తాదుతోనే తాటిచెట్టెక్కినవాళ్లు కొత్త బెల్టు కట్టుకోవడం నేర్చుకుంటున్నారు. నెత్తిన బిందె పెట్టుకునే ఆడమనిషి చుట్టకుదురు లేకుండా బిందె ఎత్తుకోదు. తలను కాపాడుకోవడం మనకు కొత్త కాదు. సైకిల్ మీద కాపాడుకోవడమే కొత్త.

నేను ఎలా దాటానో చెబుతాను. ఆ పిల్లవాడు ఆసుపత్రిలో ఉండగానే ఖమ్మంలో నీలం రంగు హెల్మెట్ ఒకటి కొన్నాను. ఇంటి నుంచి బడికి సైకిల్ మీద మూడు కిలోమీటర్లు, మధ్యలో రెండు టీ కొట్లు, ఒక బస్టాపు. మొదటి రోజు "ఏంది సారూ, యుద్ధానికా?" అన్నారు. చెవులు వేడెక్కాయి. బడి దగ్గర దిగగానే తీసి సంచిలో పెట్టేశాను. రెండో రోజు ఇంకో ఇద్దరు అడిగారు. నాలుగో రోజుకు ఆ అడిగినవాళ్లే కొత్తగా వచ్చినవాళ్లకు నా సంగతి చెప్పడం మొదలుపెట్టారు: "పిల్లగాడు పడ్డడు గద, అందుకని పెట్టుకుంటన్నడు సారు." పదకొండో రోజు ఎవరూ తలెత్తలేదు. మన మీద నలుగురికి ఉండే ఆసక్తి మనం భయపడినంత కాలం నిలవదు. పది రోజులు. ఆ పది రోజులూ ఎవరేమన్నా చెప్పడానికి ఒక్క వాక్యం సిద్ధంగా ఉంచుకోండి. వాదించొద్దు, ఉపన్యాసం ఇవ్వొద్దు. "పిల్లలు చూస్తన్నారని పెట్టుకుంటన్నా" అంటే చాలు. అది నిజం కూడా.

పిల్లల సిగ్గు మన సిగ్గు కంటే పెద్దది. పద్నాలుగేళ్ల పిల్లకు ఒంటరిగా హెల్మెట్ పెట్టి పంపడం అన్యాయం. ఒకే ఊరి నుంచి, ఒకే దారిలో వచ్చే ఐదుగురి తల్లిదండ్రులు మాట్లాడుకుని ఒకే రోజు మొదలుపెట్టించండి. ఐదుగురు కలిసి వస్తే నవ్వేవాడు ఒంటరివాడవుతాడు. రంగు పిల్లలనే ఎంచుకోనివ్వండి. ఆకుపచ్చో నలుపో కాకుండా వెలుగులో కొట్టొచ్చినట్టు కనబడే రంగు వైపు మొగ్గేలా చెయ్యగలిగితే మేలు. తండ్రులకు ఇంకో మాట. మీరు మోటర్‌సైకిల్ మీద హెల్మెట్‌ను మోచేతికి తగిలించుకుని, పోలీసు కనబడగానే నెత్తిన పెట్టుకుంటే, హెల్మెట్ అనేది పోలీసు కోసమని పిల్లవాడు నేర్చుకుంటాడు. 2022లో మన దేశంలో హెల్మెట్ లేక ద్విచక్ర వాహనాల మీద చనిపోయినవాళ్లు 50,029 మంది. వాళ్లలో 14,337 మంది వెనక కూర్చున్నవాళ్లు. నాలుగేళ్లలోపు పిల్లలను మోటర్‌సైకిల్ మీద తీసుకెళ్లేటప్పుడు హెల్మెట్, మనకు కట్టి ఉంచే బెల్టు ఉండాలని, వేగం 40 దాటకూడదని 2023 ఫిబ్రవరి నుంచి నిబంధన ఉంది. ఆ వయసు పిల్లలకు సైకిల్ హెల్మెట్ అయినా ఫరవాలేదని అందులోనే రాశారు.

తల గాయాల గురించి నేను చదివినవాటిలో నాకు మరిచిపోలేనిది ఒకటుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో పేరు పొందిన లారెన్స్ అనే ఆంగ్లేయుడు 1935 మేలో మోటర్‌సైకిల్ మీద వస్తూ, ముందు సైకిళ్ల మీదున్న ఇద్దరు పిల్లలను తప్పించబోయి పడ్డాడు. తలకు దెబ్బ తగిలి ఆరు రోజులకు పోయాడు. ఆయనను చూసిన వైద్యుల్లో హ్యూ కెయిర్న్స్ అనే మెదడు శస్త్రవైద్యుడు ఉన్నాడు. కెయిర్న్స్ ఆ మరణాన్ని అక్కడితో వదలలేదు. యుద్ధకాలంలో మోటర్‌సైకిల్ సైనికుల తల గాయాలను లెక్కగట్టి, హెల్మెట్ ఎంత పనిచేస్తుందో 1941లో ప్రచురించాడు. బ్రిటన్‌లో మామూలు జనానికి మోటర్‌సైకిల్ హెల్మెట్ చట్టం వచ్చింది 1973లో. అప్పటికి ఆయన పోయి ఇరవై ఏళ్లు దాటింది. ఇది చదివిన రాత్రే ఈ అధ్యాయం రాయాలనుకున్నాను.

కొనేటప్పుడు చూసుకోవాల్సినవి రెండు మూడే. లోపల నొక్కితే గట్టిగా ఉండే నురుగు ఉండాలి. కట్టడాల దగ్గర పెట్టుకునే ప్లాస్టిక్ టోపీ, నురుగు లేని సగం టోపీ పనికిరావు. వాడినదాన్ని కొనొద్దు. ఒకసారి గట్టిగా దెబ్బ తిన్న నురుగు పైకి బాగున్నా లోపల నలిగిపోయి ఉంటుంది, రెండోసారి కాపాడదు. మంచిది వెయ్యి రూపాయలకు అటూ ఇటుగా దొరుకుతుంది. పెట్టుకోవడంలోనే ఎక్కువమంది పొరపాటు చేస్తారు. నుదురు కనబడేలా వెనక్కి నెట్టి పెడతారు. కనుబొమ్మల మీద రెండు వేళ్లు పట్టేంత ఎత్తులోనే ముందు అంచు ఉండాలి. రెండు పక్కల పట్టీలు చెవి కింద కలుసుకోవాలి. గడ్డం కింద పట్టీకీ చర్మానికీ మధ్య ఒక వేలు దూరాలి, అంతకంటే వదులు వద్దు. పట్టీ పెట్టుకున్నాక తల అటూ ఇటూ ఊపి చూడండి, హెల్మెట్ తలతో పాటే తిరగాలి. పట్టీ పెట్టుకోని హెల్మెట్ మనకంటే ముందే కిందపడుతుంది. సైకిల్‌కు వెనక ఎర్ర రిఫ్లెక్టరో, మెరిసే టేపు ముక్కో అంటించడం మరవొద్దు. అడవి అంచు రోడ్ల మీద చీకటి పడ్డాక వెనక లైటు లేని ట్రాక్టర్లే కనబడవు, మనమూ కనబడం.

మొన్న వేసవిలో ఒక పొద్దున మా ఊరి గీత కార్మికుడు ఒకాయన, అరవై దాటినాయన, సైకిల్‌కు రెండు వైపులా లొట్లు వేలాడేసుకుని వస్తూ నన్ను చూసి ఆగాడు. చాలా రోజులుగా చూస్తున్నాడట. "ఓపాలి ఇయ్యి సారూ" అన్నాడు. తలగుడ్డ విప్పి భుజాన వేసుకున్నాడు. ఆయన తల నా తలకంటే పెద్దది. హెల్మెట్ వెనకున్న చక్రం తిప్పి వదులు చేసి, గడ్డం కింద పట్టీ పెట్టాను. "బాబాయ్, బిగువుగా ఉందా?" అంటే మాట్లాడకుండా లొట్లు దించి, సైకిలెక్కి కాలువ వంతెన దాకా తొక్కుకుంటూ పోయాడు. ఆ సమయానికే వెనక నుంచి ఒక ఆటో హారన్ కొడుతూ వచ్చింది, ఆయన పక్కకు తప్పుకోవడం దూరం నుంచే కనబడింది. తిరిగొచ్చి దిగాక పట్టీ ఊడదీసుకుంటూ, "వెనక బండి సప్పుడు బాగనే ఇనబడతంది సారూ. చెవులు మూసుకుపోతయ్యేమో అనుకున్నా" అన్నాడు. హెల్మెట్‌ను తిరగేసి లోపలి నురుగును బొటనవేలితో నొక్కి చూశాడు. "మనమడికి సరిపోయే సైజు కూడా దొరుకుద్దా?" అని అడిగాడు.